ఈ పాట ఎవరిని కలవాలి?

సైబరాబాద్ మొత్తం మీద ఒక్క అబద్ధం కూడా లేని రాతపని ఒకే ఒక్కటి ఉంది. అది ఏ కంపెనీ వార్షిక నివేదికా కాదు. ఏ ఇంజనీరు బయోడేటా అంతకన్నా కాదు. ఖాజాగూడ దాటాక, రాతిగుట్టను సగం కొరికేసి కట్టిన పదకొండు అంతస్తుల అద్దాల మేడకు రెండో గేటు దగ్గర సెక్యూరిటీ చంద్రయ్య రాసే విజిటర్ రిజిస్టరు అది. తొమ్మిదేళ్లు, ముప్పై ఒక్క పుస్తకాలు, కొట్టివేత ఒక్కటంటే ఒక్కటి లేదు. కావాలంటే పందెం కాస్తాను. (పందెం సంగతి చివర్లో ఎవరూ ఎత్తొద్దని ముందే మనవి.)

చంద్రయ్య జనగామ దగ్గర ఊళ్లో ఏడో తరగతి దాకా చదివాడు. ఆ చదువులో ఆయనకు మిగిలింది గుండ్రటి దస్తూరి, అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా కదలని మొండితనం. గేటుకు ఎవరొచ్చినా ఆయన పుస్తకంలో ఆరు గడులు నిండాలి: పేరు, ఎక్కణ్ణుంచి, ఎవరిని కలవాలి, వాళ్ల ఫోన్ నంబరు, వచ్చిన టైము, పోయిన టైము. కలవాల్సిన మనిషికి తనే ఫోన్ చేస్తాడు. అవతలి నుంచి "పంపించు" అన్న మాట చెవిన పడ్డాకే అడ్డకర్ర లేస్తుంది. ఒకసారి ఆ మేడ యజమానే వచ్చాడు. ఎవరిని కలవాలని అడిగితే "నన్నే" అన్నాడు. చంద్రయ్య ఆ మాట రాసుకుని నంబరు కలిపాడు. ఫోన్ యజమాని జేబులోనే మోగింది. ఆయన ఎత్తి, "ఆ, పంపించు" అని చెప్పాకే లోపలికి పోయాడు.

ఆ మేడ ఏడో అంతస్తులో స్వరసంత అని ఒక కంపెనీ ఉంది. వాళ్లు పాటలు అమ్ముతారు. అమ్మడమంటే పూర్వకాలపు అమ్మకం అనుకోకండి. పూర్వం క్యాసెట్ కొంటే అది మన ఇంటికొచ్చేది, పక్కింటివాళ్లు అడిగి తీసుకుపోయేవాళ్లు, మళ్లీ తిరిగొచ్చేది కాదు. మొత్తం మీద దానికంటూ ఒక బతుకుండేది. ఇప్పుడు కొన్న పాట వాళ్ల ఇంట్లోనే ఉంటుంది. మనకు దక్కేది దాన్ని చూసిరావడానికి అనుమతి. ఈ అనుమతులు ఇచ్చేది ఒక డెస్క్‌టాప్ వెబ్ అప్లికేషన్. అదేమిటో చంద్రయ్యకు అరగంట వివరించారు. ఆయనకు అర్థమైంది ఇది: బ్రౌజర్ అనే ఇంట్లో ఒక గదిలో కిరాయికుంటూ, సొంత ఇల్లున్నవాడిలా వాకిట్లో పేరు పలక తగిలించుకునేది. (ఇంతకన్నా సరైన నిర్వచనం ఆ కంపెనీ పత్రాల్లో ఎక్కడా లేదు.)

స్వరసంతకు వచ్చిన కష్టం పాటలు లేక కాదు, ఎక్కువై. రోజుకు నలభై వేల పాటలు వచ్చేవి. వాటిలో ముప్పై తొమ్మిది వేల తొమ్మిది వందల చిల్లర యంత్రాలు కట్టి, యంత్రాలు పాడి, యంత్రాలు పంపినవి. కొనేవీ యంత్రాలే, "కన్నీళ్లు ఆగలేదు" అని కింద రాసేవీ యంత్రాలే. మనుషులంతా మూకుమ్మడిగా సెలవు పెట్టినా ఈ వ్యాపారం నిమిషం ఆగదని ఆడిటర్లు లిఖితపూర్వకంగా మెచ్చుకున్నారు. కానీ పై అధికారులకు ఎక్కడో చిన్న అనుమానం మొలిచింది. వెంటనే తొమ్మిది గడుల బొమ్మ పెట్టి, ట్రాఫిక్ సిగ్నళ్లున్న గడులు నొక్కితేనే మనిషి కింద లెక్క అన్నారు. యంత్రాలు రెప్పపాటులో నొక్కేశాయి. నిజమైన గాయకులు మాత్రం సిగ్నల్ స్తంభాన్ని సిగ్నల్ కింద పరిగణించాలా వద్దా అని తర్కిస్తూ బయటే ఉండిపోయారు.

ఇలా ఉండగా స్వరసంత ఉత్పత్తి విభాగాధిపతి సాయిచంద్ ఒకరోజు మెడలో వేసుకునే కార్డు ఇంట్లో మరిచి వచ్చాడు. చంద్రయ్య ఆపాడు. తాను ఎవరో సాయిచంద్ చెప్పుకున్నాడు. చంద్రయ్య కాదనలేదు, ఎవరిని కలవాలో చెప్పమన్నాడు. యాభై నిమిషాలు ఎండలో నిలబడ్డాక సాయిచంద్‌కు జ్ఞానోదయమైంది. (అలాంటివి ఏసీలో కావు.) ఆ నెలలోనే 'ప్రవేశ సత్యతా విధానం' వెలువడింది. ఇకమీదట స్వరసంతకు అమ్మకానికొచ్చే ప్రతి పాటా చంద్రయ్య గేటు దాటి రావాలి. పాట పేరు, ఎక్కణ్ణుంచి, ఎవరిని కలవాలి, వగైరా.

చంద్రయ్య గుడారం లాంటి క్యాబిన్‌లో పెద్ద తెర కంప్యూటర్ పెట్టారు. ఆ అప్లికేషన్ ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే అలిగి బయటికి పంపేస్తుంది. ముట్టుకుంటే ఓటీపీ అడుగుతుంది. అడ్డకర్ర లేచినప్పుడల్లా నెట్ పోతుంది. పోయి వస్తే రాసినవన్నీ మాయం. అందుకని చంద్రయ్య ముందు పుస్తకంలో రాసుకుని, తర్వాత తెర మీద ఎక్కించేవాడు. కొన్నాళ్లకు కంపెనీవాళ్లు గీసుకున్న వ్యవస్థ పటంలో, సర్వర్ల కింద, ఒక చిన్న డబ్బాలో 'చంద్రయ్య పుస్తకం' అని చేరింది. బాణం గుర్తులన్నీ అటే చూస్తున్నాయి.

మొదటి రోజు నలభై వేల పాటలు గేటు ముందు బారు కట్టాయి. ఎవరిని కలవాలన్న గడిలో దాదాపు అన్నీ ఒకే మాట రాశాయి: అందరినీ. చంద్రయ్య అన్నిటినీ ఆపేశాడు. సాయిచంద్ గాభరాపడి కిందికొచ్చి, అందరినీ కలవాలనుకోవడంలో తప్పేముందని అడిగాడు.

"అందరిని కలుస్తనన్నోడు ఎవ్వరిని కలవనీకి రాలేదన్నట్టు సార్," అన్నాడు చంద్రయ్య. "గసువంటోడు సెంటు సీసలన్న అమ్ముతడు, ఓట్లన్న అడుగుతడు. నా తొమ్మిదేండ్ల సర్వీసుల మూడో రకం జూడలే."

యంత్రాలు తెలివైనవి. మర్నాటి నుంచి పేర్లు రాయడం మొదలుపెట్టాయి. చంద్రయ్య ఆ నంబర్లకు ఫోన్ చేశాడు. ఎత్తే దిక్కులేదు. మూడో రోజుకు నలభై వేలు అరవైకి దిగాయి. ఆ అరవైలో ప్రతిదానికీ అవతల ఒక మనిషి ఉంది. పటాన్‌చెరు లారీ డ్రైవరు ఒకాయన పాట, అలిగి పుట్టింటికి పోయిన భార్యను కలవాలని వచ్చింది. చంద్రయ్య ఆమెకు ఫోన్ చేస్తే, "రానియ్యకు" అంది. పాట నాలుగు రోజులు గేటు బయట ఉంది. ఐదో రోజు ఆమే ఫోన్ చేసి, ఇంకా అక్కడే ఉందా అని అడిగి, ఉందంటే, "సరే, తోలు" అంది. అమ్మకాల చరిత్రలో కొనేవాళ్లు బతిమాలించుకుని కొన్న మొదటి పాట అదేనని కంపెనీ ప్రకటించుకుంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడ కొమురమ్మ వచ్చింది.

కొమురమ్మ చంద్రయ్య భార్య. అదే మేడలో ఏడో అంతస్తు హౌస్‌కీపింగ్. ఆ అంతస్తు గోడలకు సిమెంటు మాలు మోసింది కూడా ఆమే. పదేళ్ల కింద మేడ కడుతున్నప్పుడు మొగుడూ పెళ్లాలిద్దరూ కూలికే వచ్చారు. మెట్ల మీద వరసగా నిలబడి తట్ట చేతులు మార్చుతుంటే, కొమురమ్మకు పై మెట్టు మీద నీలమ్మ ఉండేది. ఒకే ఊరివాళ్లు, పత్తి చేలో కలుపు తీసిన నాటి నుంచీ జత. తట్ట అందిస్తూ కొమురమ్మ ఒక చరణం అనేది. ఆ తట్ట పైకి పోయి ఖాళీగా కిందికొచ్చే లోపల నీలమ్మ రెండో చరణం అందుకునేది. ఎవరి చరణం వాళ్లదే. ఒకరిది ఒకరు ఎన్నడూ పాడలేదు. గోడలు పూర్తవగానే మేస్త్రీ సగం మందిని వేరే పనికి ఎక్కించుకుపోయాడు. ఆ సగంలో నీలమ్మ పోయింది. ఫోన్ నంబరు మారింది. భివండి పోయిందని ఒకరు, పుణె అని ఒకరు. కొమురమ్మ మాత్రం తను కట్టిన అంతస్తునే రోజూ తుడుస్తూ ఉండిపోయింది.

లారీ డ్రైవరు భార్య కథ మొగుడి నోట వినగానే కొమురమ్మకు ఒక ఆలోచన తట్టింది. ఏడో అంతస్తు మెట్ల దగ్గర ఫోన్‌లో తన పాట రికార్డు చేసుకొచ్చి మొగుడి ముందు పెట్టింది. పాట ఇలా మొదలవుతుంది:

ఏడో అంతస్తుకు ఎక్కినమే పిల్లా
ఎవ్వరి మేడే ఇది?

ఆ తర్వాత పదకొండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఇంకో చరణం. మళ్లీ పదకొండు క్షణాలు ఖాళీ. ఇట్లా పదహారు సార్లు. మధ్యలో ఆగిపోయిందేమోనని చంద్రయ్య ఫోన్ తట్టి చూశాడు.

"ఆగలే. అది నీలమ్మ జాగ," అంది కొమురమ్మ. "దాని చరణం నేనెట్ల పాడుత?"

చంద్రయ్య పుస్తకం తెరిచాడు. పాట పేరు రాశాడు. ఏడో అంతస్తు నుంచి అని రాశాడు. ఎవరిని కలవాలి: నీలమ్మ. ఫోన్ నంబరు దగ్గర కలం ఆగింది. రూలు ప్రకారం నంబరు లేని పాట, అవతలి మనిషి "పంపించు" అనని పాట, బయటే ఉండాలి. ఆ రూలు రాసింది ఆయనే. పెళ్లాంతో అదే చెప్పాడు.

"దాని నంబరే ఉంటే నీ గేటుతోని నాకేం పనయ్యా," అంది కొమురమ్మ. చీపురు తీసుకుని పైకి పోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో, అంటే గోపన్‌పల్లిలో వాళ్ల కిరాయి గదిలో, వంట జరిగింది గాని మాట జరగలేదు. కూరలో ఉప్పుందా లేదా అని చెప్పేవాళ్లు లేక చంద్రయ్య రెండుసార్లు సప్పటి కూరే తిన్నాడు.

నాలుగో రోజు పొద్దున పదిన్నరకు, గేటు దగ్గర ఎవరూ లేనప్పుడు, చంద్రయ్య నీలమ్మ ఫోన్ నంబరు గడిలో తన నంబరు రాశాడు. ఆ నంబరుకు తనే ఫోన్ చేశాడు. రెండో ఫోన్ లేనందున గేటు ల్యాండ్‌లైన్ నుంచి చేశాడు. జేబులో మోగితే ఎత్తి, ఇటు చెవికొకటి అటు చెవికొకటి పెట్టుకుని, "నీలమ్మనా? మీ కోసం పాటొచ్చింది, పంపాల్నా?" అని అడిగి, కొంచెం గొంతు మార్చి, "పంపించు" అని తనే చెప్పాడు. వచ్చిన టైము పది ముప్పై రెండు.

అప్లికేషన్ వెంటనే ఎర్రగా ఒక మాట చూపింది: 'మీ పాటలో పదహారు చోట్ల పాట లేదు.' నాలుగు క్షణాలకు మించిన నిశ్శబ్దం నిషిద్ధం. మినహాయింపు కావాలంటే విభాగాధిపతి విని ఆమోదించాలి. అలా ఆ పాట సాయిచంద్ దగ్గరికి పోయింది. ఆయన తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, కళ్లు మూసుకుని మొదటి చరణం నుంచి చివరి ఖాళీ దాకా విన్నాడు. విన్నాక అద్దాలు తుడుచుకుని ఆమోదించాడు. పాట అమ్మకానికి చేరింది.

ఒక్కరూ కొనలేదు. కానీ స్వరసంతలో ఎవరూ కొనని పాటలను పారేయరు. మూట గట్టి దుకాణాలకు ఇస్తారు, బట్టలు బేరమాడేటప్పుడు వెనక మోగడానికి. కొమురమ్మ పాట కూడా ఒక మూటలో పడిపోయింది. ఇరవై రోజుల తర్వాత, మదీనాగూడలో హైవే మీదున్న మూడంతస్తుల బట్టల షోరూం నుంచి ఫిర్యాదు వచ్చింది. దాని పూర్తి పాఠం ఇది: 'మీరిచ్చిన పాటల్లో ఒకదానిలో మధ్యమధ్య ఖాళీలున్నవి. ఖాళీ వచ్చినప్పుడల్లా మా హౌస్‌కీపింగ్ మనిషి పాడుచున్నది. కస్టమర్లు చీరలు వదిలి ఆమె వైపు చూచుచున్నారు. ఈ లోపము సత్వరము సరిచేయగలరు.'

ఇంజనీర్లు దీన్ని 'ప్రతిధ్వని' అనే తరగతిలో వేశారు. ఖాళీలున్న చోటే పెట్టి పదే పదే పరీక్షించారు. ఏడో అంతస్తులో ఎవరూ పాడలేదు. 'మా దగ్గర ఈ సమస్య రావడం లేదు' అని జవాబు రాసి ఫిర్యాదు మూసేశారు. షోరూంవాళ్లు మళ్లీ తెరిచారు, ఈసారి రుజువు కింద రికార్డింగ్ జతచేసి. అప్పుడు ప్రవేశ సత్యతా విభాగం చూసే కళ్యాణి, అసలు ఈ పాటను గేటు ఎలా దాటనిచ్చారని ఆరా తీసింది. నీలమ్మ నంబరూ చంద్రయ్య నంబరూ ఒకటేనని తేలింది. చంద్రయ్యను పైకి పిలిపించింది.

పిలుపు అందగానే చంద్రయ్య ముప్పై ఒకటో పుస్తకం చంకలో పెట్టుకుని ఎక్కాడు. కళ్యాణి మర్యాదస్తురాలు, కుర్చీ చూపించే అడిగింది.

"నీలమ్మ గారి నంబరు, మీ నంబరు ఒకటే ఎలా అయ్యాయండి?"

"అవి గాలే మేడం. నేనే రాసిన."

"మరి రూల్ ప్రకారం నీలమ్మ గారు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. లేదంటే ఎంట్రీ ఫేక్ కింద పోతుంది, మీ మీద యాక్షన్ ఉంటుంది."

"పిలిపియ్యుండ్రి మేడం. దొరికితే జర మాకు గూడ చెప్పుండ్రి. తొమ్మిదేండ్ల సంది దేవులాడుతున్నం."

కళ్యాణి కాగితాలు తిరగేసింది. ఫారంలో అటువంటి జవాబుకు గడి లేదు. విషయం ఎంత తీవ్రమో ఈయనకు తెలియాలని, షోరూం పంపిన రుజువు పెట్టి వినిపించింది. మైకులో ముందు కొమురమ్మ గొంతు: ఎవ్వరి మేడే ఇది? తర్వాత నేల మీద మాపు రాసుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగింది. ఇంకో గొంతు, మైకు లేని గొంతు, వెనక్కి తిరిగి కూడా చూడకుండా పాడే మనిషి గొంతు:

మనది గాదులేవే అక్కా
మల్లొక్క తట్ట అందియ్యవే.

సరిగ్గా పదకొండు క్షణాలు. కొమురమ్మ రెండో చరణం దానికి ఆనుకుని మొదలైంది.

చంద్రయ్య లేచి నిలబడ్డాడు. విచారణ పూర్తి కాలేదండి అని కళ్యాణి అంటుండగానే బయటికొచ్చి, అదే అంతస్తు చివర ఊడుస్తున్న పెళ్లాం దగ్గరికి పోయాడు. మూడు వారాలు దాటాక ఆమెతో మొదటి మాట ఆయనే మాట్లాడాడు.

"చీపురు ఆడ పెట్టు. మదీనాగూడ పోదాం."

తొమ్మిదేళ్లుగా నీలమ్మ ఉన్నది భివండిలో కాదు, పుణెలో కాదు. పది కిలోమీటర్ల అవతల. షేర్ ఆటోలు రెండు మారితే చాలు. వీళ్లు పోయేసరికి షోరూం మొదటి అంతస్తులో ట్రయల్ రూముల ముందు మాపు వేస్తోంది. జుట్టు తెల్లబడింది, యూనిఫాం మనిషికన్నా పొడుగ్గా ఉంది. కొమురమ్మ పోయి ఆమె వెనక నిలబడింది.

"ఏమే," అంది, "మాలు ఎండిపోతున్నది. తట్ట అందుకుంటవా లేదా?"

నీలమ్మ తిరిగి చూసింది. మాపు వదల్లేదు. "నువ్వు బొంబాయి పోయినవన్నరు గదనే ముండా," అంది. తర్వాత ఇద్దరూ కలిసి ఎంత ఏడ్చారంటే, తుడిచిన నేల మళ్లీ తుడవాల్సి వచ్చింది. ఆ పని వీళ్లిద్దరే చెరో చివర నుంచి చేశారు. సూపర్‌వైజర్ వచ్చి లోపలికి ఎవరు రానిచ్చారని అడిగితే, ఎవరిని కలవాలో కింద రిజిస్టరులో రాసే వచ్చామని చంద్రయ్య గర్వంగా చెప్పాడు. అక్కడి సెక్యూరిటీ ఆ గడి అడగలేదట. ఈయనే అడిగించుకుని రాశాడు.

అయ్యాక ముప్పై ఒకటో పుస్తకం తెరిచాడు. నీలమ్మ అసలు నంబరు అడిగాడు. ఆ గడిలో తన నంబరును ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ఆమెది రాసి, చిన్నగా సంతకం పెట్టాడు. అడగాల్సిన మాట కూడా అడిగాడు. నీలమ్మ నవ్వి, "పంపించు" అంది.

కాబట్టి కొట్టివేత లేదన్న మాటా, అబద్ధం లేదన్న మాటా రెండూ పోయాయి. పందెం కాసినవాళ్లుంటే గెలిచినట్టే. ముప్పై ఒక్క పుస్తకాల్లో ఒకే ఒక్క అబద్ధం. అదీ నెల తిరిగేలోపు నిజమైపోయింది. వార్షిక నివేదికలకు ఆ భాగ్యం లేదు.

కంపెనీ మాత్రం తన పని తాను చేసింది. ఫిర్యాదు మీద చర్య కింద కొమురమ్మ పాటలోంచి పదహారు ఖాళీలూ కత్తిరించేశారు. ఇప్పుడు ఆ పాటలో ఒకావిడ ఆగకుండా ఎవ్వరి మేడే ఇది అని అడుగుతూనే ఉంటుంది. జవాబుకు జాగా లేదు. కత్తిరించిన ముక్కలను వృథా చేయడమెందుకని ఒకదాని వెనక ఒకటి అతికి, మూడు నిమిషాల పాట కింద 'శుద్ధ నిశ్శబ్దం' పేరుతో అమ్మకానికి పెట్టారు. ఈ యేడు స్వరసంతలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది అదే. చుట్టుపక్కల మేడల్లో ఇంజనీర్లు మీటింగుల మధ్య చెవులకు తగిలించుకుని కళ్లు మూసుకుంటున్నారు. కొంతమందికి చివర్లో తట్ట చప్పుడు వినిపిస్తుందట; దాన్ని వచ్చే వెర్షన్‌లో తీసేస్తామని హామీ ఇచ్చారు.

చంద్రయ్యకు మెమో ఇచ్చి, పాటల పని తప్పించి, మనుషుల గేటుకే పరిమితం చేశారు. పాటల గేటును యంత్రానికి అప్పగించారు. అది అడుగుతుంది, అదే ఫోన్ చేస్తుంది, అదే ఎత్తి "పంపించు" అంటుంది. (ఈ పద్ధతి కనిపెట్టింది చంద్రయ్యేనని వ్యవస్థ పటంలో ఎక్కడా రాయలేదు.) శుద్ధ నిశ్శబ్దం ఆ గేటు గుండానే వచ్చింది. ఎవరిని కలవాలన్న గడిలో దానికి రాసి ఉన్న మాట: అందరినీ.

కొమురమ్మ ఇప్పుడు ఆదివారాలు మదీనాగూడలో ఉంటుంది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో సోమవారం నుంచి శనివారం దాకా చెబుతుంది. ముప్పై ఒకటో పుస్తకంలో ఆ పాటకు పోయిన టైము గడి ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని నింపమని అప్లికేషన్ ఇప్పటికి నలభై ఏడు సార్లు గుర్తుచేసింది. ఇంకా పోలేదు గదా, ఎట్ల రాయాలె అంటాడు చంద్రయ్య.

పెద్దవాణ్ణి, ఒక మాట ఒప్పుకోవాలి. ఇందులో కొంత కల్పించానని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. యజమాని జేబులో మోగిన ఫోను, గేటు ముందు బారు కట్టిన నలభై వేల పాటలు, చీరలు వదిలి మాపు వైపు చూసిన కస్టమర్లు, ఇవన్నీ ఉన్నవే. నేను కల్పించింది ఒకే ఒక్కటి. సాయిచంద్ తలుపు వేసుకుని, కళ్లు మూసుకుని, ఆ పాట చివరిదాకా విన్నాడని రాశాను చూడండి, అది. ఆయన ముందున్న జాబితాలో ఆ రోజు రెండు వందల పన్నెండు పాటలున్నాయి. ఆయన నొక్కింది 'అన్నీ ఆమోదించు' అనే బటన్.